కొండ లేని ఊరికి కొండగుర్తు: ‘ఆరిజిన్స్’లో అలెగ్జాండ్రియా దీపస్తంభం

#1 బీచ్‌రోడ్_కిరణ్ (విశాఖ)

అసాసిన్స్ క్రీడ్ ఆరిజిన్స్ 2017 నాటి వీడియో గేమ్, ప్రాచీన ఈజిప్టులో నడిచే కథ. నేను మాత్రం పోయిన నెలలోనే మొదలుపెట్టాను. సీవా అనే ఎడారి ఊళ్లో ఇసుక చూసీ చూసీ కళ్లు ఎండిపోయాక ఆటలో హీరో బాయెక్‌ని గుర్రమెక్కించి అలెగ్జాండ్రియా దారి పట్టాను. ఊరి గోడలు ఇంకా సరిగా కనబడకముందే దూరంగా ఒక తెల్లని గీత నిలువుగా కనబడింది. మేఘం అంచేమో అనుకున్నా. దగ్గరికి పోయేకొద్దీ అది కట్టడమైంది. ఫారోస్ అనే దీవి మీది దీపస్తంభం.

ఆ రాత్రి మిషన్లన్నీ పక్కనపెట్టి నేరుగా అక్కడికే వెళ్లాను. ఊరికీ దీవికీ మధ్య కట్టిన కట్ట మీదుగా పరిగెత్తి, గోడలు పట్టుకుని పైదాకా ఎక్కాను. కింద రేవు, ఓడలు, వీధుల్లో దివిటీలు. పది నిమిషాలు ఒక్క బటన్ కూడా నొక్కకుండా చూస్తూ కూర్చున్నా. మా ఆవిడ వచ్చి “ఆట ఆగిపోయిందా?” అని అడిగింది.

చరిత్ర తెలిసినవాళ్లని అడుగుతున్నా. నిజంగా అంత ఎత్తు ఉండేదా? మూడు అంతస్తుల ఆ రూపం ఎక్కడి నుంచి తెచ్చారు? ఇప్పుడు అక్కడ ఏముంది?

#2 సూరి_పీఎస్4

నాకూ అదే అనుభవం. ఆ ఆటలో పిరమిడ్ల కంటే ఇదే ఎక్కువ గుర్తుండిపోయింది. పిరమిడ్లకి ఇప్పటికైనా టికెట్ కొనుక్కుని పోవచ్చు. దీన్ని ఇక చూడలేం కదా.

#3 మేష్టారు_తెనాలి

కిరణ్ గారూ, ఒక్కొక్కటిగా చెప్తాను. కాస్త పొడుగవుతుంది.

కట్టించడం మొదలైంది ఈజిప్టును ఏలిన గ్రీకు రాజు మొదటి టోలెమీ కాలంలో, పూర్తయింది ఆయన కొడుకు రెండో టోలెమీ కాలంలో, సుమారు క్రీ.పూ. 280 ప్రాంతంలో. నైడోస్ అనే ఊరికి చెందిన సోస్ట్రాటోస్ పేరు దీనితో ముడిపడి ఉంది. ఆయన శిల్పా, డబ్బు పెట్టిన దాతా అన్నదాని మీద పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆయన గురించి పాతకాలం నుంచీ ఒక కథ ఉంది. తన పేరు రాతి మీద లోతుగా చెక్కించి, పైన సున్నం పూసి, ఆ పూత మీద రాజు పేరు రాయించాడట. పూత రాలిపోయేనాటికి రాజూ ఉండడు, తానూ ఉండడు, రాయి మీద పేరు మాత్రం మిగులుతుందని. కథే కావచ్చు, కానీ మన ఊళ్లలో శిలాఫలకాల మీద పేర్ల కోసం జరిగే తగాదాలు చూసినవాళ్లకి ఈ కథ ఎందుకు బతికిందో తెలుస్తుంది.

ఎత్తు 100 మీటర్ల పైనే ఉండేదని ఎక్కువమంది లెక్క. చార్మినార్ మీద ఇంకో చార్మినార్ పెట్టినట్టు ఊహించుకోండి. కింద చతురస్రం, మధ్యలో ఎనిమిది పలకలు, పైన గుండ్రం. ఈ రూపం ఆటవాళ్లు కల్పించింది కాదు. రోమన్ల కాలంలో అలెగ్జాండ్రియాలోనే ముద్రించిన నాణేల మీద దీపస్తంభం బొమ్మ ఉంది. తర్వాత అరబ్బు యాత్రికులు లోపలికి వెళ్లి చూసి రాశారు, 1166లో స్పెయిన్‌లోని మలాగా నుంచి వచ్చిన అల్ బలవీ కొలతలు కూడా తీశాడు. వీటన్నిటినీ పోగుచేసి హెర్మన్ థియర్ష్ అనే జర్మన్ పండితుడు 1909లో ఒక రూపం గీశాడు. మనం పుస్తకాల్లో, ఆటల్లో చూసే బొమ్మల్లో చాలావాటికి మూలం అదే.

ఇంకో విషయం. అలెగ్జాండ్రియాకి పడమరగా అబూసిర్‌లో, పాత టపోసిరిస్ మాగ్నా దగ్గర, ఇదే మూడంతస్తుల పద్ధతిలో ఒక చిన్న గోపురం ఈనాటికీ నిలబడి ఉంది. ఫారోస్‌ని చూసి కట్టిన సమాధి చిహ్నమని అంటారు.

మనం మరిచిపోయేది ఒకటుంది. ఆట కథ నడిచేది క్రీ.పూ. 49–47 మధ్య. అప్పటికే దీపస్తంభానికి 230 ఏళ్లు. మనకి ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర కట్టించిన ఆనకట్ట ఎంత పాతదో, బాయెక్‌కి ఇది అంతకంటే పాతది. ముత్తాతల నాటి నుంచీ చూస్తున్న కట్టడం. ఆటలో మరీ కొత్తగా తళతళలాడుతుందని నాకొక్కటే అసంతృప్తి. అన్నేళ్లు ఉప్పుగాలి తిన్న రాయి అలా ఉండదు.

#4 రఘు_స్ట్రక్చర్స్

మేష్టారు గారు ఆపిన చోట నుంచి అందుకుంటా. అది ఎలా పడిపోయిందో చూస్తే ఎంత గట్టిగా కట్టారో అర్థమవుతుంది. 956లో భూకంపానికి దెబ్బతింది, నిలబడింది. 1303లో క్రీట్ దీవి వైపు వచ్చిన పెద్ద భూకంపం బాగా దెబ్బతీసింది. ఇబ్న్ బతూతా అనే యాత్రికుడు 1326లో వెళ్లినప్పుడు ఒక వైపు కూలి ఉన్నా లోపలికి పోగలిగాడు. 1349లో మళ్లీ వెళ్తే గుమ్మం దాకా కూడా పోలేని స్థితి. అంటే పదహారు వందల చిల్లర ఏళ్లు నిలిచింది. ఇవాళ మనం కట్టే అపార్ట్‌మెంట్లకి యాభై, అరవై ఏళ్లు చాలని లెక్క వేస్తాం.

కింద వెడల్పు, పైకి పోయేకొద్దీ సన్నం. బరువంతా కిందే. పైభాగాలు ముందు రాలాయి, అడుగు చివరిదాకా మిగిలింది. అది అదృష్టం కాదు, డిజైన్. లోపల మెలికలు తిరుగుతూ పైకి పోయే వాలుదారి ఉండేదని అరబ్బు రాతల్లో ఉంది, గుర్రాలు ఎక్కేంత వెడల్పు. వంటచెరకు పైకి చేరాలంటే అదే మార్గం. ఆటలో మనం బయట గోడ పట్టుకుని పాకుతాం కాబట్టి ఈ సంగతి గమనించం.

ఇప్పుడు అక్కడ ఉన్నది ఖైత్‌బే కోట. మామ్లూక్ సుల్తాన్ ఖైత్‌బే 1477లో అదే చోట మొదలుపెట్టించాడు.

#5 సూరి_పీఎస్4

మరి మిగతా రాళ్లు?

#6 రఘు_స్ట్రక్చర్స్

సముద్రంలో! 1994 నుంచి జాన్ ఈవ్ ఆంపరర్ అనే ఫ్రెంచ్ పురావస్తు శాస్త్రవేత్త బృందం కోట పక్కన నీళ్లలో వెతికింది. విగ్రహాలు, స్తంభాలు, పెద్ద పెద్ద గ్రానైట్ దిమ్మెలు వేల సంఖ్యలో దొరికాయి. 2025 జులైలో ఇంకో అడుగు పడింది. ఇజబెల్ ఎరీ నడిపిస్తున్న బృందం 22 భారీ రాళ్లను పైకి తీసింది. గుమ్మం నిలువుకమ్మీలు, పైకమ్మీ, గడప. కొన్ని 70–80 టన్నుల దాకా ఉన్నాయి. వాటిని స్కాన్ చేసి కంప్యూటర్లో ముక్కకి ముక్క అతికి చూస్తున్నారు.

ఒక్క గడప రాయి అంత బరువుంటే ఆ గుమ్మం ఎంత పెద్దదో ఆలోచించండి. ఆట తయారైనప్పుడు ఈ స్కాన్లు లేవు. ఇప్పుడు మళ్లీ చేస్తే కింది అంతస్తు గుమ్మం వేరేలా ఉంటుందని నా నమ్మకం.

#7 నల్లమల_హరి (హైదరాబాద్)

నేను ఇంత దాకా పోలేదు, సివిలైజేషన్ అనే వేరే వీడియో గేమ్ ఆడేవాణ్ణి. అందులో కూడా గ్రేట్ లైట్‌హౌస్ ఒక వండర్. సముద్రం ఒడ్డునే కట్టాలి, కట్టినంక మన ఓడలు ఇంకింత దూరం పోతయి. పాత మొదటి ఆటలో అయితే మాగ్నెటిజం కనిపెట్టగానే దాని పని అయిపోయేది. దిక్సూచి వచ్చినంక దీపస్తంభంతో పనేముంది అని వాళ్ల లెక్క. నాకది సబబే అనిపించింది.

#8 సెకండాఫీసర్_కాకినాడ

హరి గారూ, ఆ లెక్క తప్పండి. పన్నెండేళ్లుగా ఓడల మీద పనిచేస్తున్నా, ఇది మాత్రం చెప్పకుండా ఉండలేను. దిక్సూచి ఉత్తరం ఎటుందో చెబుతుంది. మీరెక్కడున్నారో చెప్పదు. రాత్రి పూట తీరం దగ్గరికి వచ్చేటప్పుడు ప్రాణం తీసేది ఆ రెండో ప్రశ్నే. దిక్సూచి వచ్చాక ప్రపంచంలో లైట్‌హౌస్‌లు పెరిగాయి, తగ్గలేదు. జీపీఎస్ ఉన్న ఈ రోజుల్లో కూడా వాకలపూడి లైట్ కనబడితే బ్రిడ్జ్ (ఓడని నడిపే గది) మీద అందరం ఒకసారి అటు చూస్తాం.

ఎత్తు గురించి కూడా ఒక లెక్క. లైట్ ఎంత దూరం కనబడుతుందో తెలుసుకోవాలంటే దాని ఎత్తు మీటర్లలో తీసుకుని వర్గమూలం కట్టండి, చూసేవాడి కంటి ఎత్తుకీ అలాగే, రెండూ కలిపి 2.08తో గుణిస్తే నాటికల్ మైళ్లు వస్తాయి. ఫారోస్ మంట 100 మీటర్ల మీద, డెక్ మీద మనిషి కన్ను 4 మీటర్ల మీద అనుకుంటే 25 నాటికల్ మైళ్లు, అంటే 46 కిలోమీటర్లు. ఒకణ్ణి తెరచాప కొయ్య ఎక్కించి 9 మీటర్ల నుంచి చూడమంటే 50 కిలోమీటర్లు. మొదటి శతాబ్దంలో జోసెఫస్ అనే చరిత్రకారుడు ఆ వెలుగు 300 స్టేడియాల దూరం కనబడుతుందని రాశాడు. అది ఇంచుమించు 55 కిలోమీటర్లు. మంట ఎంత పెద్దది, గాలిలో దుమ్ము ఎంత అన్నది వేరే సంగతి, కానీ ఆయన గాలికబుర్లు చెప్పలేదు.

పగటి సంగతి మర్చిపోకండి. మేం దాన్ని డే మార్క్ అంటాం. పగలు మంట కనబడదు, కట్టడమే గుర్తు. కిరణ్ గారు దూరం నుంచి తెల్లని గీతలా చూశానన్నారు చూడండి, నావికుడికి ముందు కనబడేది సరిగ్గా అదే.

#9 నల్లమల_హరి (హైదరాబాద్)

ఒప్పుకుంటున్న సార్. దిక్సూచి సంగతి ఇట్ల ఆలోచించలే.

#10 లెవెల్_డిజైనర్_మణి

ఆటలు తయారుచేసే పనిలో ఉన్నాను కాబట్టి మా వైపు నుంచి ఒక మాట.

ఆరిజిన్స్‌లో పాత భాగాల్లో తెర మూలన ఉండే మినీమ్యాప్ తీసేశారు. పైన ఒక దిక్సూచి పట్టీ, ఆకాశంలో సేను అనే గద్ద. మూలన మ్యాప్ లేకపోతే ఆడేవాడు తలెత్తి లోకాన్ని చూడాలి. చూసినప్పుడు పట్టుకోవడానికి ఒక గుర్తు దొరకాలి. అందుకే ఇలాంటి ఆటల్లో ప్రతి ప్రాంతానికీ దూరం నుంచి పోల్చుకోగల ఒక ఆకారాన్ని నిలబెడతాం. గిజాలో పిరమిడ్లు ఆ పని చేస్తాయి. అలెగ్జాండ్రియాలో నేల చదును, వీధులన్నీ గళ్లగళ్లుగా ఒకేలా ఉంటాయి. దీపస్తంభం లేకపోతే రెండో వీధిలోనే దారి తప్పుతాం.

తెలుగులో ల్యాండ్‌మార్క్‌కి మనకున్న మాట కొండగుర్తు. మా తాతగారు ఊరికి దారి చెబుతూ “ఫలానా కొండ కుడిచేతి వైపు పెట్టుకుని నడువు” అనేవారు. కొండనే గుర్తుగా పెట్టుకునేవాళ్లు కాబట్టి ఆ మాట. నైలు నది మట్టి మేటలు వేసిన ఆ తీరంలో కొండే లేదు. గుర్తు పెట్టుకోవడానికి ఏమీ లేకపోతే మనుషులు వంద మీటర్ల రాతికొండని తామే కట్టుకున్నారు. ఇరవై మూడు వందల ఏళ్ల కింద నావికుడి కోసం చేసిన పనినే మేం ఇప్పుడు ఆడేవాడి కోసం చేస్తున్నాం. ఈ పనిలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఉదాహరణ ఇదే.

#11 మేష్టారు_తెనాలి

మణి గారూ, ఈ మాట ఆ కాలంవాళ్లే చెప్పారు! పెల్లా ఊరి పోసిడిప్పోస్ అనే గ్రీకు కవి, దీపస్తంభం కట్టిన కాలంవాడే, దాని మీద ఒక చిన్న పద్యం రాశాడు. దీవుల్లో ఉన్నట్టు ఈజిప్టులో కొండలు లేవు, రేవు నేలమట్టంగా పరుచుకుని ఉంటుంది, అందుకే ఈ గోపురం నిలువుగా గాలిని చీల్చుకుంటూ నిలబడింది, రాత్రి అలల మీద పరిగెత్తే నావికుడికి దీని కొనన పెద్ద మంట కనబడుతుంది అని దాని సారాంశం. మీ తాతగారు చెప్పిన దారికీ ఈ పద్యానికీ తేడా ఏముంది?

ఇంకోటి. స్ట్రాబో అనే పాతకాలపు గ్రీకు భూగోళవేత్త అలెగ్జాండ్రియా నడిమధ్య పానెయోన్ అనే దిబ్బ గురించి రాశాడు. మనుషులు పోసిన దిబ్బ అది, మెలికల దారిలో పైకెక్కితే ఊరంతా కనబడేదట. కొండ లేదన్న దిగులు ఆ ఊరివాళ్లకి నిజంగానే ఉండేదన్నమాట.

#12 జాలారిపేట_అప్పలరాజు

మాది వేటకెళ్లే కుటుంబం. మా నాన్న సముద్రంలో తన చోటు పట్టుకునేది గుర్తులతోనే. డాల్ఫిన్స్ నోస్ కొండని ఒక పక్క, వెనకాల ఇంకో గుర్తుని ఇంకో పక్క పెట్టి, రెండూ ఎక్కడ కలుస్తాయో చూస్తాడు. వల చిరిగే బండరాళ్లు ఎక్కడున్నాయో, చేప ఎక్కడ దొరుకుతుందో అన్నీ ఆ లెక్కే. ఇప్పుడు మా తమ్ముడు జీపీఎస్ వాడుతున్నాడు, కానీ నాన్న చెప్పిన చోటుకి వెళ్లి అక్కడ బటన్ నొక్కి దాచుకుంటాడు.

విశాఖలో మాకు కొండలు దేవుడిచ్చాడు. గోదావరి మొగ దగ్గర వాళ్లకి ఆ భాగ్యం లేదు, అంతర్వేది వైపు అంతా చదును. వాళ్లకి లైట్‌హౌసే దిక్కు. ఈ ఈజిప్టు సంగతి చదువుతుంటే అంతర్వేదే గుర్తొస్తోంది.

#13 గుత్తికోట_శ్రీను

తెలుగువాళ్లకీ ఈ దీపస్తంభానికీ నిజమైన ముడి ఒకటుంది, ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. దాన్ని పూర్తి చేయించిన రెండో టోలెమీ పేరు అశోకుడి 13వ శిలాశాసనంలో ఉంది. తురమాయ అని. కళింగ యుద్ధం తర్వాత తన ధర్మం ఎంత దూరం చేరిందో చెబుతూ అశోకుడు యవన రాజుల పేర్లు వరసగా చెక్కించాడు, అందులో ఈయన ఒకడు. ఇద్దరూ ఒకే కాలంలో ఏలినవాళ్లు.

ఆ పద్నాలుగు శాసనాల వరస ఉన్న చోట్లలో ఒకటి మన ఎర్రగుడి. గుత్తి నుంచి పత్తికొండకు పోయే దారిలోనే వస్తుంది. చిన్నప్పుడు ఆ గుండ్ల మీదనే ఆడుకునేవాళ్లం, అది ఏం రాతో మాకేం తెలుసు. అలెగ్జాండ్రియాలో కూచున్న రాజు పేరు చెక్కించిన చక్రవర్తి రాతలు మా పొలాల పక్కన బండల మీద ఉన్నాయని డిగ్రీలో తెలిసినాక, సైకిలేసుకుని పోయి ఒక పూటంతా ఆడనే ఉన్నా.

#14 బీచ్‌రోడ్_కిరణ్ (విశాఖ)

శ్రీను గారూ, ఇది చదివి లేచి నిలబడ్డాను. ఎర్రగుడి పేరు విన్నాను కానీ ఈ ముడి తెలియదు.

#15 పద్మ_అమ్మ_ఇద్దరుపిల్లలు

చదవడానికి చాలా బాగుంది. కానీ ఒక తల్లిగా నాకో భయం. మా పెద్దబ్బాయి ఈ ఆట చూసి దీపస్తంభం పైన విగ్రహం ఫలానా దేవుడిదే అని స్నేహితుడితో పోట్లాడాడు. పిల్లలు ఆటలో చూసిందంతా నిజమనుకుంటారు. అందులో ఏది తెలిసింది, ఏది ఊహ అని ఎవరు చెబుతారు?

#16 మేష్టారు_తెనాలి

పద్మ గారూ, మీ భయం సరైనదే. పైన ఒక విగ్రహం ఉండేదని నాణేల వల్ల తెలుస్తుంది. అది జ్యూస్‌దా, పోసైడన్‌దా, సూర్యుడిదా అన్నది తేలలేదు. మీ అబ్బాయీ వాళ్ల స్నేహితుడూ పోట్లాడుకున్న విషయం మీదే పండితులూ పోట్లాడుకుంటున్నారు, ఆ మాట వాడికి చెప్పండి. సంతోషిస్తాడు.

దీపస్తంభం మీది అద్దంతో శత్రు ఓడల్ని తగలబెట్టేవారన్నది మాత్రం తర్వాతి కాలపు కట్టుకథ. అది గట్టిగానే కాదని చెప్పండి.

నేను తరగతిలో వాడేది డిస్కవరీ టూర్. 2018 ఫిబ్రవరిలో ఇచ్చారు. యుద్ధాలు, చంపడాలు లేకుండా అదే లోకంలో నడుస్తూ వినే పాఠాలు. నేను పిల్లలకి ఒక పని ఇస్తాను: చూసిన ప్రతిదాని పక్కన ‘దీన్ని ఎవరు చూసి రాశారు?’ అని రాయమంటాను. కింది అంతస్తు పక్కన యాత్రికుల పేర్లు వస్తాయి. కట్ట పక్కన స్ట్రాబో పేరు వస్తుంది. ఆ కట్ట పేరు హెప్టాస్టేడియోన్, అంటే ఏడు స్టేడియాలది అని, కిలోమీటరు పైచిలుకు. విగ్రహం దగ్గరికి వచ్చేసరికి ఖాళీ. పోయిన ఏడాది ఒక అమ్మాయి ఆ ఖాళీలో ‘ఎవరూ రాయలేదు, అయినా చూడాలని ఉంది’ అని రాసింది. ఆ కాగితం దాచుకున్నాను.

#17 పద్మ_అమ్మ_ఇద్దరుపిల్లలు

ఈ పని మా వాడితో ఈ ఆదివారమే చేయిస్తాను మేష్టారూ. ధన్యవాదాలు.

#18 సెకండాఫీసర్_కాకినాడ

ఇంకొక్క విషయం. రోమన్ సేనాని సీజర్ అలెగ్జాండ్రియాలో చిక్కుకున్నప్పుడు ముందుగా చేజిక్కించుకున్న వాటిలో ఈ దీవి ఒకటి. రేవు మూతి ఎంత ఇరుకంటే, ఫారోస్ ఎవరి చేతిలో ఉంటే వాళ్లు ఒప్పుకోకుండా ఓడ లోపలికి రాలేదని ఆయనే రాసుకున్నాడు. దారి చూపే దీపం ఉన్న చోటే రేవుకి తాళం కూడా. ఆటలో పైకెక్కినప్పుడు విశాలమైన సముద్రం వైపు కాకుండా ఆ రేవు మూతి వైపు చూడండి.

కిరణ్ గారూ, మీకో పరీక్ష. తెర మీది సూచనలన్నీ ఆపేయండి. ఊరికి దక్షిణంగా మరియోటిస్ సరస్సు ఉంది కదా, రాత్రి పూట అక్కడ పడవెక్కి, మ్యాప్ తెరవకుండా దీపస్తంభం అడుగుకి చేరండి.

#19 బీచ్‌రోడ్_కిరణ్ (విశాఖ)

చేశాను. నిన్న రాత్రి.

సూచనలన్నీ ఆపేస్తే తెర ఎంత పెద్దదిగా అనిపించిందో! సరస్సు నడిమధ్యకి వెళ్లి పడవని రెండుమూడు సార్లు గిరగిరా తిప్పాను, దిక్కు తెలియకుండా. రెల్లు, చీకటి, ఎటు చూసినా ఒకేలా ఉంది. ఊరి ఇళ్ల మీదుగా ఆ వెలుగు కనబడగానే ప్రాణం లేచొచ్చింది. దాన్నే పట్టుకుని ఒడ్డు చేరి వీధుల్లో పడ్డాను. మేడలు అడ్డొచ్చినప్పుడు కనబడకుండా పోయేది, మలుపు తిరగ్గానే మళ్లీ ఎదురయ్యేది. రెండు చోట్ల తప్పాను. కట్ట మొదటికి చేరేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఈసారి పైకి ఎక్కలేదు. కిందే నిలబడి తలెత్తి చూశాను.

#20 జాలారిపేట_అప్పలరాజు

కిరణ్ అన్నా, మీరు రాసింది చదివి నేనూ ఆ ఆట పెట్టాను. నాన్నని పక్కన కూర్చోబెట్టుకున్నా. డెబ్బై ఏళ్లు దాటాయి, కంటి ఆపరేషన్ అయ్యాక సముద్రం మీదకి వెళ్లడం లేదు. సరస్సులో పడవ, దూరంగా దీపం చూపించి సంగతంతా చెప్పాను. కాసేపు అలా చూసి, “ఒక్క గురుతుతో ఏటవుద్ది రా, రెండోది ఏది?” అన్నాడు.

#21 బీచ్‌రోడ్_కిరణ్ (విశాఖ)

సెరాపియోన్ గుడి చూపించండి అప్పలరాజు గారూ! ఊరికి నైరుతి వైపు, మెరక మీద ఉంటుంది.

#22 జాలారిపేట_అప్పలరాజు

చూపించాను. కంట్రోలర్ ఎలా పట్టుకోవాలో అడుగుతున్నాడు.